ఏకాదశి తుపాకి

మా బావమరిది ఒహాయోలో ఉంటాడు. ఈ చలికాలం జింకల వేటకి మజిల్ లోడర్ కొందామని తీర్మానించాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన సీసపు గుండు పెట్టి, కడ్డీతో దట్టించి, ఒక్కటంటే ఒక్కసారి పేల్చే తుపాకి అన్నమాట. బొబ్బిలి యుద్ధం నాటి తుపాకులకి వరసకి మనవడు.

"ఏది తీసుకోమంటావు బావా?" అని ఫోన్ చేశాడు. నేను పెన్సిల్వేనియాలో ఉంటున్నాను కాబట్టి తుపాకుల సంగతి నాకు తెలిసే ఉంటుందని వాడి నమ్మకం. ముందు నీకేం కావాలో చెప్పరా అన్నాను. గురి చూడ్డానికి స్కోపు, అంటే దుర్భిణి, ఉండాలట. వాన పడినా పేలాలట. మందు కొలిచే గొడవ వద్దట. పేల్చాక కడిగే పని అసలే వద్దట. మూడు వందల గజాల అవతల ఉన్నదాన్ని కొట్టాలట. ఇన్ని సుగుణాలున్న తుపాకి లోకంలో ఉంది. దాన్ని మామూలు రైఫిల్ అంటారు.

"అది తెలుసు బావా. కానీ మజిల్ లోడర్ సీజన్‌లో దాన్ని ఒప్పుకోరుగా!"

నాకు మా ఊళ్ళో ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. ఏకాదశి వస్తే ఆయన అన్నం ముట్టడు. పొద్దున్నే నేతిలో వేయించిన ఉప్మా. పదకొండింటికి పెసరట్లు, లెక్క అడిగితే పాపం తగులుతుంది. మధ్యాహ్నం నీరసం రాకుండా అరటిపళ్ళు, పాలు. సాయంత్రం "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా" అని ఇంట్లోవాళ్ళు జాలిపడి రవ్వకేసరి చేసేవాళ్ళు. రాత్రి అరుగు మీద కూర్చుని ఉపవాసం వల్ల ఒంటికి కలిగే లాభాల గురించి ఊరందరికీ ఉపన్యాసం. అన్నం మాత్రం ముట్టలేదు, అందుకు మేమే సాక్షులం.

ఈ వేట సీజన్ కూడా అలాంటి ఉపవాసమే. పాత తుపాకితో వేట కష్టం, గుండు తప్పితే మళ్ళీ కూరేలోపు జింక పక్క జిల్లాకి పోతుంది, అందుకని అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ తుపాకి పట్టేవాళ్ళకి విడిగా కొన్ని రోజులిచ్చాయి. ఆ రోజులు వచ్చింది ఆ కష్టం వల్ల. కంపెనీలు కష్టాన్ని తీసేసి రోజుల్ని ఉంచుకున్నాయి. 1985లో మిస్సోరీలో టోనీ నైట్ అనే తుపాకుల మేస్త్రీ నిప్పురవ్వ తిన్నగా మందు వెనక నుంచే పడేలా ఇన్‌లైన్ రకం తెచ్చాడు. అది ఉప్మా. తర్వాత మందుకి నిప్పు గట్టిగా అంటించే షాట్‌గన్ ప్రైమర్లొచ్చాయి, గుండుకి ప్లాస్టిక్ తొడుగులొచ్చాయి. పొడి కొలవక్కర్లేకుండా బిళ్ళలొచ్చాయి. ఒక్కోటి యాభై గ్రెయిన్లు, అది మందు కొలత. మూడు మందుబిళ్ళలు, పూటకొకటి కాదు, ఒకేసారి. 2020లో ఇంకొకటి దిగింది: కొలిచిన మందుని ప్లాస్టిక్ గొట్టంలో మూసి అమ్ముతారు, దాన్ని వెనక నుంచి పెట్టుకోవాలి. మూతిలోంచి వెళ్ళేది గుండు ఒక్కటే. పెద్దాయన అన్నం ముట్టలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ మూడు వందల గజాల మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. గుండు అంత దూరం చేరేలోపు జింక ఒక్క అడుగు వేస్తే చాలు, గుండెకి తగలాల్సింది పొట్టకి తగులుతుంది. పొట్టకి తగిలిన జింక అక్కడే పడి చావదు. పరుగెత్తుతుంది. ఏ పొదలోనో పడి గంటల తరబడి చస్తుంది. ఈ మహానుభావుడు ఇక్కడ రెండో గుండు దట్టిస్తూ ఉంటాడు. కంపెనీవాడు కాగితం మీద పడ్డ చిల్లులు చూపించి తుపాకి అమ్ముతాడు. కాగితం నెత్తురు కారుతూ పారిపోదురా!

అరిచాక కాస్త నీళ్ళు తాగి సలహా కూడా ఇచ్చాను. మా పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాటి నుంచి ఒక సీజన్ ఉంది, 1974లో మొదలైంది. అందులో చెకుముకి రాయి తుపాకే వాడాలి, స్కోపు కుదరదు. (అక్టోబరులో కొమ్ముల్లేని జింకలకి ఇన్‌లైన్లని ఒప్పుకుంటారు. మేమూ పెసరట్లు తింటాం.) ఆ రకం తీసుకో. యాభై క్యాలిబర్, అంటే అర అంగుళం గొట్టం, చాలు. గుండు తిరుగుతూ వెళ్ళడానికి గొట్టం లోపల చెక్కిన గాళ్ళ మెలిక చూసుకో: గుడ్డలో చుట్టిన గుండ్రటి గుండుకైతే అరవై, అరవై ఆరు అంగుళాలకి ఒక చుట్టు తిరగాలి. పొడుగు గుండ్లకీ ప్లాస్టిక్ తొడుగువాటికీ ఇరవై ఎనిమిది. నలభై ఎనిమిది అంటే అటూ ఇటూ కానిది, రెంటికీ సర్దుకుంటుంది. నల్లటి తుపాకి మందు వాడు. నల్లమందు అనను, ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు. ఇంటికి రాగానే వేడి నీళ్ళు, సబ్బుతో గొట్టం కడుగు, లేకపోతే తుప్పు పడుతుంది. డెబ్బై ఎనభై గజాల లోపలికి వచ్చేదాకా చలిలో కూర్చో. రాకపోతే ఇంటికొచ్చి పప్పన్నం తిను.

అంతా శ్రద్ధగా విన్నాడు. ఊఁ కొట్టాడు. మెలిక లెక్క రాసుకున్నాడు కూడా.

"అలాగే బావా," అన్నాడు. "స్కోపు దాంతోపాటే ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా?"