వైపర్ మార్చేవాళ్లతో జాగ్రత్త

సమాజంలో ఒక ప్రమాదకరమైన ధోరణి ప్రబలుతోంది. కొందరు కారు యజమానులు వానలు మొదలవకముందే వైపర్ బ్లేడ్లు మార్చేస్తున్నారు. అదీ మెకానిక్కు మొహం చూడకుండా, ఇంటి ముందు, సొంత చేతుల్తో, పది నిమిషాల్లో. బాధ్యత గల పౌరులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మనకంటూ ఒక పద్ధతి ఉంది. పన్నెండు లక్షలు పోసి కారు కొంటాం, సీటు కవర్లకు వేలు తగలేస్తాం, బ్లేడు దగ్గరకొచ్చేసరికి చెయ్యి జేబులోనే ఉండిపోతుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్నారు పెద్దలు. పాత బ్లేడుతో రాత్రిపూట హైవే ఎక్కితే రెండూ ఒకేసారి తెలుస్తాయి. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ వైపర్‌కు పేటెంటు సంపాదించి అమ్మజూపితే, ఇది గిట్టుబాటయ్యే సరుకు కాదని ఒక కెనడా కంపెనీ తిప్పి పంపింది. ఆ కంపెనీ ఆత్మ మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఇప్పటికీ సుఖంగా తిరుగుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 101వది కారుకు సమర్థమైన వైపర్ ఉండాలంటుంది. ఉంది కదా! ‘సమర్థమైన’ అన్న మాటను మనం విశాల హృదయంతో చదువుకుంటాం.

ఈ మార్చేవాళ్ల వాదన వినండి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయట, రబ్బరెంతట! వేసవంతా కాలే అద్దానికి అతుక్కుని ఉన్న రబ్బరు అంచు ఒక పక్కకే ఒరిగి గట్టిపడుతుందట. బ్లేడు వెళ్లేటప్పుడు ఒక వైపుకీ, వచ్చేటప్పుడు రెండో వైపుకీ ఆ అంచు మడత తిరగాలి. తిరగకపోతే వెళ్లేటప్పుడు శుభ్రంగా తుడిచి, వచ్చేటప్పుడు దడదడలాడుతుంది. సన్నటి గీత మిగిలితే అంచు చిరిగినట్టో, కింద ఇసుక రేణువు ఇరుక్కున్నట్టో. వెడల్పాటి పట్టీ తుడవకుండా వదిలేస్తే బ్లేడును మోసే వైపర్ చెయ్యి వంగినట్టో, దాని స్ప్రింగు వదులైనట్టో. ఎదురుగా వచ్చే లైట్లకు అద్దమంతా పాలు ఒలికినట్టు మసకేస్తే అది బ్లేడు పాపం కాదు, అద్దం మీది జిడ్డు. కారు తుడిచే కుర్రాడు బాడీకి పాలిష్ పట్టించిన గుడ్డతోనే అద్దాన్నీ ఆశీర్వదించి ఉంటాడు. ముందు దాన్ని సబ్బునీళ్లతో కడక్కుండా కొత్త బ్లేడు వేసినా అదే మసక. ఇంత తెలిసినవాళ్లు మన మధ్య తిరుగుతున్నారు.

వీళ్లు మొదట టేపు తీస్తారు. డ్రైవరు వైపు బ్లేడు 24 అంగుళాలుంటే పక్కది 16 ఉండొచ్చు, అందుకని రెండూ విడివిడిగా కొలుస్తారు. పెద్దదైతే ఎక్కువ తుడుస్తుందని రెండు అంగుళాలు పెంచుకునే ఉదారులూ ఉన్నారు. ప్రతి ఊపులో అది అద్దం అంచుకు కొట్టుకుంటూ ‘టప్ టప్’మని వాళ్ల ఉదారతను లోకానికి చాటుతుంది. కొలిచాక చెయ్యి చివర ఏముందో చూస్తారు. వంకీ తిరిగిన కొక్కెమా, బటన్ నొక్కే రకమా, పక్కనుంచి దూర్చే పిన్నా అన్నది తేలాకే కొట్టుకు వెళ్తారు.

అసలు కుట్ర ఇక్కడ జరుగుతుంది. వైపర్ చెయ్యి పైకెత్తి, అద్దం మీద మందపాటి తువ్వాలు పరుస్తారు. బ్లేడు ఊడిన చెయ్యంటే స్ప్రింగు బిగించిన ఉత్త ఇనప కడ్డీ. జారి పడిందా, కొన్ని వందల పని కొన్ని వేల అద్దానికి ఎగబాకుతుంది. (మన సంప్రదాయంలో తువ్వాలు భుజం మీదే ఉండాలి, అద్దం మీద కాదు.) వైపర్లు బానెట్ కింద దాక్కునే కార్లలో బలవంతంగా లేపితే రంగు లేచిపోతుంది. అందుకని చాలా మోడళ్లలో ఇంజను ఆపిన వెంటనే వైపర్ లివరు నొక్కి వాటిని అద్దం మధ్యకు రప్పిస్తారు.

కొక్కెం రకమైతే బ్లేడును చెయ్యికి అడ్డంగా తిప్పి, మధ్యలోని చిన్న మీట నొక్కి, చెయ్యి మొదలు వైపు కిందికి లాగుతారు. పైకి లాగితే రాదు. రాలేదని ఇంకా గట్టిగా పైకే లాగడం మన పౌరుషం. కొత్తది కొక్కెంలోకి ‘టక్’మనేదాకా పైకి గుంజి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూస్తారు. రబ్బరు అంచుకు రక్షణగా తొడిగిన ప్లాస్టిక్ తొడుగు తీసేస్తారు కూడా. ఆ తొడుగుతోనే వానంతా నడిపి, కంపెనీ మోసం చేసిందని వాపోయేవాళ్లే మన అసలైన వారసులు. చివరికి నీళ్లు చిమ్మి, ఆ తర్వాతే వైపర్ వేస్తారు. పొడి అద్దం మీద దుమ్ముతో వేస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే.

ఇంకా ముదిరినవాళ్లు ఫ్రేము ఉంచి రబ్బరొక్కటే మారుస్తారు. ఇందులో మనవాళ్లు గర్వించదగ్గ ఒక అవకాశం ఉంది. రబ్బరుకు అటూ ఇటూ ఉండే సన్నటి స్టీలు బద్దలను వంపు తప్పి పెట్టినా, ఫ్రేము చివర రబ్బరును పట్టి ఉంచే గోరులో రబ్బరు గాడి పడకపోయినా, నాలుగు రోజుల్లో రబ్బరు పాములా జారి బయటికొస్తుంది. ఆ తర్వాత ఇనుమే అద్దాన్ని తుడుస్తుంది. చంద్రవంకలాంటి గీత పడుతుంది, ఇక చెరగదు.

ముందు అద్దం విషయంలో మనం ఓడిపోతున్నామని ఒప్పుకోక తప్పదు. వెనక అద్దం దగ్గర మాత్రం ఢోకా లేదు. అక్కడ కూడా ఒక వైపర్ ఉందని యజమానికి ఇంకా తెలియదు. కొన్న రోజు పూజలో కట్టిన పూలదండ దారం దాని మొదట్లో అలాగే ఉంది, పూలు మాత్రం లేవు.