సవరణ: మస్టాంగ్ ఇంజిన్ గురించి రాసింది తప్పు

ఒహాయోలో మా 1966 ఫోర్డ్ మస్టాంగ్‌ను అమ్మకానికి పెడుతూ "కంపెనీ బిగించిన 289 వి8 (289 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) మారిస్తే చాలు" అని రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

బండి ఛాసిస్ నంబర్‌లో ఐదో అక్షరం 'టి'. అంటే ఫ్యాక్టరీలో దీనికి పెట్టింది 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్. వి8 అయితే అక్కడ 'సి', 'ఎ', 'కె'లలో ఒకటి ఉండాలి. చక్రాలకూ నాలుగేసి నట్లే ఉన్నాయి, వి8 కార్లకు ఐదు. వి8 తర్వాత ఎవరో వేయించింది. బ్రేకులు కూడా ఆరు సిలిండర్ల కారుకు వేసే చిన్నవే, కొనేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇక రిపేరు. మూడో సిలిండర్‌లో కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) 60 పిఎస్ఐ దాటలేదు, అది చాలా తక్కువ. చెంచాడు ఆయిల్ పోస్తే 110కి లేచింది. ఆయిల్ సందులు మూసినందుకే అలా లేచింది, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి, ఇంజిన్ దించక తప్పదు.

ధర తగ్గించాను. అడ్వాన్స్ ఇచ్చినాయన వద్దంటే మొత్తం వెనక్కిస్తాను. రంగు, సీట్లు మాత్రం రాసినట్టే పాతవే.