పాలపుంత నడిమధ్యన తెర కట్టిన ధూళి గారికి

మహారాజశ్రీ ధూళి గారి దివ్యసముఖానికి,

కళింగపట్నం ఇసుకలో తెల్లవార్లూ కూర్చుని ఒట్టి చేతులతో లేచినవాళ్ళు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, నడుములు తప్ప. తమరి క్షేమం అడగక్కర్లేదు. తీసిన ఫ్రేములన్నీ పేర్చి చూస్తే ఫొటో నిండా తమరే. మునుపటికన్నా ఒళ్ళు చేశారు కూడా.

వచ్చిన చిక్కంతా అక్కడే. మే నెల అమావాస్య, మబ్బు తునక లేదు, రాత్రి తొమ్మిది దాటేసరికి ధనుస్సు రాశి నీళ్ళ మీంచి లేచింది. మా తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఆ రాశిలోని పాలపుంత కేంద్రం తిన్నగా సముద్రం మీదే ఉదయిస్తుంది, ఒక్క ఇల్లు గానీ చెట్టు గానీ అడ్డుండదు. 24 ఎంఎం లెన్సు, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200, ఫ్రేముకి 20 సెకన్లు. 500ని ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే వచ్చే లెక్క అది, దాటితే నక్షత్రాలు గీతలవుతాయి. ఈ తీరంలో అర్ధరాత్రి దాటాక గాజు మీద చెమ్మ దిగడం ఖాయం గనక లెన్సు చుట్టూ పవర్ బ్యాంకు మీద నడిచే హీటర్ పట్టీ. ఉప్పుగాలి పూసిన పొరని పొడిగుడ్డతో రుద్దితే కోటింగు గీసుకుపోతుంది కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, అద్ది, అప్పుడు తుడవడం. అతిథి మర్యాదల్లో మావైపు నుంచి లోటు లేదు. ఫ్రేములు పేర్చినకొద్దీ నాయిస్, అంటే ఫొటోలోని గరుకు, తగ్గింది. నాయిస్ తగ్గినకొద్దీ బయటపడిందేమిటయ్యా అంటే పాలపుంతని నిలువునా చీల్చిన ఆ నల్లచార, దాని పాయలు, దాని చీలికలు. అల్నాస్ల్ అనే బాణం మొన చుక్క నుంచి పడమరగా నాలుగున్నర డిగ్రీలు, అంటే చాచిన చేతి పిడికిలిలో సగం కన్నా తక్కువ. సరిగ్గా కేంద్రం ఉండాల్సిన చోట తమరు బైఠాయించి ఉన్నారు.

ఆ ఫొటోకే జనం ‘పాలపుంత కేంద్రం’ అని పేరు పెట్టి పంచుకుంటారు, లైకులు కూడా పడతాయి. అందులో కనిపించే చుక్కలన్నీ తెరకి ఇవతలివి, కాకపోతే తెర పక్కల నుంచి తొంగిచూసేవి. అసలు కేంద్రంలో 40 లక్షల సూర్యుల బరువున్న బ్లాక్ హోలుంది, దాని చుట్టూ పరుగెత్తే నక్షత్రాలున్నాయి. వాటి వెలుగు మా సెన్సరు మీద చుక్కైనా పడలేదు.

తమరి దయకి లెక్క కూడా ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు. అరసవల్లి స్వామి పాదాలు తాకే కిరణం సూర్యుడి దగ్గర బయల్దేరి 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తుంది. మార్చిలో మబ్బు అడ్డొచ్చినా అక్టోబరు ఉందిలే అనుకుని ఇంటికెళ్తాం. 26 వేల ఏళ్ళు ప్రయాణం చేసిన వెలుగుకి తమరి దగ్గర ఆ వాయిదా కూడా లేదు. కంటికి ఆనే రంగుల్లో తమరు మింగేది సుమారు 30 మాగ్నిట్యూడ్లు, అంటే చుక్కల వెలుగు కొలిచే మెట్లు. అయిదు మాగ్నిట్యూడ్లకి వంద రెట్లు చొప్పున వందని ఆరుసార్లు హెచ్చవేస్తే లక్ష కోట్లు. లక్ష కోట్ల ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, బయల్దేరితే మా ఊరికి చేరేది ఒకటి. కాంట్రాక్టు పనుల్లో కూడా ఇంతకన్నా ఎక్కువే చేరుతుందండీ.

పోనీ తమరేమైనా గోడా అంటే అదీ కాదు. ఒక్కో రేణువు మైక్రాన్‌లో పదో వంతు, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సిలికేటూ కార్బనూ, అంటే ఇసుకా మసీ. వాయువు వంద పాళ్ళయితే తమరు బరువులో ఒక పాలు. మామూలు అంతరిక్షంలో పొడవూ వెడల్పూ ఎత్తూ తలా వంద మీటర్లున్న జాగాలో తమరి తాలూకు రేణువు ఒక్కటి దొరికితే గొప్ప. ఇంత పల్చటి పెద్దమనుషులు అంత వెలుగుని ఎలా ఆపుతారో మా సరుగుడు తోట దగ్గర నిలబడితే తెలుస్తుంది. మానుకీ మానుకీ మధ్య సైకిలు తోలుకుపోవచ్చు, అయినా తోట ఇవతల నుంచి అవతలి సముద్రం కనిపించదు. చూపు ఏ సందున దూరినా ఎంతో దూరం పోకుండానే ఏదో ఒక మానుకి తగులుతుంది. తోట లోతు 26 వేల కాంతి సంవత్సరాలైతే ఇక చెప్పేదేముంది.

మిగతా ఫిర్యాదులు గబగబా చెప్పేస్తాం, అసలుది ఇంకా అయిపోలేదు. జూన్ మూడోవారంలో కేంద్రం సరిగ్గా అర్ధరాత్రికి ఎత్తుకెక్కుతుంది. శ్రీకాకుళం నుంచి చూస్తే 43 డిగ్రీలు. చుక్కలు చూడ్డానికి అంత పేరున్న లదాఖ్‌లోని హాన్లేలో 28 డిగ్రీలకి మించదు. మాకు దక్కిన ఈ ఒక్క భాగ్యం మీదా అదే వారం రుతుపవనం వచ్చి కూర్చుంటుంది. మబ్బు విడిచే అక్టోబరు చివరికి చీకటి పడీపడగానే కేంద్రం నైరుతికి జారి రొయ్యల చెరువుల దీపాల్లో కలిసిపోతుంది. 2014లో జీ2 అనే మేఘం బ్లాక్ హోలు పక్కకి పోతోంది, చీలికలు పేలికలవుతుంది, వినోదం చూడండి అన్నారు. అది వెళ్ళింది, తిరిగొచ్చింది, చెక్కు చెదరలేదు. ఒంటినిండా తమరిని కప్పుకున్న శాల్తీయే అదీను. కేంద్రానికి దగ్గర్లోనే ‘ఇటుక’ అని పిలిచే మేఘం ఇంకొకటి. లక్ష సూర్యులకి సరిపడా సరుకు పోగేసుకుని నక్షత్రాలు కట్టే పని దాదాపు మొదలే పెట్టలేదు. శిలాఫలకం ఒక్కటే తక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి రండి. కంటి రంగుల్లో కుదరకపోతే పరారుణంలో, అంటే ఎరుపు దాటిన కంటికందని వెలుగులో, చూద్దామని కెమెరా విప్పించి ఆ వెలుగుని ఆపే ఐఆర్ కట్ ఫిల్టరు తీయించేవాళ్ళున్నారు. ఊరికే పీకేస్తే ఫోకస్ తప్పుతుంది, అంతే మందమున్న తేట గాజు దాని స్థానంలో బిగించాలి. ముందు 850 నానోమీటర్లు, అంటే 0.85 మైక్రాన్లు, దాటిన వెలుగునే వదిలే ఫిల్టరు తగిలించాలి. ఇంతా చేస్తే 0.9 మైక్రాన్ల అల పొడవు దగ్గర తమరి కోత ఇంకా 16 మాగ్నిట్యూడ్లు, అంటే పాతిక లక్షల్లో ఒకటి. లక్ష కోట్ల నుంచి పాతిక లక్షలకి దిగారు, సంతోషం, ఇంకాస్త ముందుకెళ్దాం అనుకునేసరికి 1.1 మైక్రాన్ల దగ్గర సిలికాన్ సెన్సరు చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి దానికి చూపు లేదు. తమరు మెత్తబడేది సరిగ్గా అక్కడి నుంచే! 1.65 మైక్రాన్ల దగ్గర కోత నాలుగు చిల్లర. 2.2 దగ్గర రెండున్నర, అంటే పదిలో ఒకటి గెంతేసి వచ్చేస్తుంది. అల పొడవు రేణువు కన్నా బాగా పెద్దదైతే రేణువు దాన్ని పట్టుకోలేదు, అది భౌతికశాస్త్రం, ఒప్పుకుంటాం. కానీ బజారులో దొరికే ప్రతి కెమెరాలోనూ ఉన్న సెన్సరు ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి గడియ తియ్యడం యాదృచ్ఛికమంటే నమ్మమంటావా?

ఏటి బాబూ ఇది? ఇండియం గాలియం ఆర్సినైడ్ సెన్సరు తెచ్చుకుంటే 1.7 దాకా లాగుతుంది, దాని ధరకి ఉద్దానంలో కొబ్బరితోట అమ్ముకోవాలి. 2.2కి పోదామంటే మా వేసవి గాలీ, టెలిస్కోపు గొట్టమూ తామే ఆ రంగులో వెలుగుతాయి. డిటెక్టరుని ద్రవ నైట్రోజన్ చలికి దించితే తప్ప తన వేడిలో తనే మునిగిపోతుంది. డబ్బున్నవాళ్ళకీ చలి కొండల మీదివాళ్ళకీ ఒక తలుపు, ఇసుకలో కూర్చున్నవాడికి లక్ష కోట్లలో ఒకటి. ఏ ఊరి న్యాయం అది? నువ్వు ఆకాశంలో ఇంకెక్కడైనా పడుకోవచ్చు కదా, జాగా లేదా? సరిగ్గా ఆ తోవకే అడ్డం రావాలా? కాస్త పక్కకి ఒగ్గు బాబూ!

నువ్వు ఒగ్గవని శాస్త్రజ్ఞులకీ తెలుసు, అందుకే చుట్టూ తిరిగారు. వాల్టర్ బాడే అనే ఖగోళశాస్త్రజ్ఞుడు 1940ల్లో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద నుంచి కేంద్రం కోసం వెతికి, కేంద్రం దొరక్క, దానికి నాలుగు డిగ్రీల దిగువన ఎన్‌జీసీ 6522 అనే నక్షత్రాల గుత్తి పక్కన నువ్వు పల్చబడిన ఒక సందుతో సరిపెట్టుకున్నాడు. ఇవాళ్టికీ దాన్ని బాడే కిటికీ అంటారు. 1968లో బెక్లిన్, న్యూగెబావర్ అచ్చువేసిన 2.2 మైక్రాన్ల కొలతల్లో నీ వెనకున్న నక్షత్రాల గుంపు మొదటిసారి బయటపడింది. ఆ తరవాత ఎస్2 అనే నక్షత్రాన్ని పట్టుకున్నారు. 16 ఏళ్ళకో చుట్టు. 2018 మే నెలలో బ్లాక్ హోలుకి అతి దగ్గరగా సెకనుకి 7,600 కిలోమీటర్లకి పైగా వేగంతో పోయింది. ఇలాంటి నక్షత్రాల దారులు గీసే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ 2020 నోబెల్‌లో చెరో పాలు తీసుకున్నారు. దృశ్యకాంతిలో ఆ దారి ఒక్క అంగుళం కూడా గీయనిచ్చేవాడివి కాదు నువ్వు.

నిన్ను ఎత్తి పారేద్దామన్నా కుదరదు, అదొక్కటే ఒళ్ళు మండే విషయం. హైడ్రోజన్ పరమాణువులు జతకట్టి అణువులయ్యేది ఎక్కువగా నీ రేణువుల మీదే. నీ నీడ లేకపోతే అతినీలలోహిత కాంతి ఆ అణువుల్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది, మేఘం చల్లబడదు, నక్షత్రం పుట్టదు. కేంద్రానికి దగ్గర్లోని సాజిటేరియస్ బీ2 మేఘంలో ఈథైల్ ఆల్కహాలుంది, రమ్ము వాసనిచ్చే ఈథైల్ ఫార్మేటుంది, తెర వెనక బట్టీ నడుస్తోందన్నమాట. అక్కడ వండే ఆ సంక్లిష్ట అణువుల్లో చాలావాటికి నువ్వే పొయ్యి. కూర్చుని నిన్ను తిట్టిన ఆ ఇసుకలో సిలికేట్లూ, పాదాలకి అంటిన నల్ల ఇల్మెనైటూ, గార్నెట్టూ, వాటిలోని సిలికానూ ఇనుమూ ఒకప్పుడు నీ వంశంవే. కాదనం. కాదనలేం కాబట్టే ఇంత కోపం.

అందుచేత తెలియజేయడమేమంటే, కెమెరా సంచి మూసేశాం. నీ రేణువుకి ఇరవై లక్షల రెట్లు పొడవున్న అలతో వస్తున్నాం. 21 సెంటీమీటర్ల రేడియో అల, హైడ్రోజన్ తనంతట తాను 1420.4 మెగాహెర్ట్‌జ్‌లో పలికే మాట. పెయింటు కొట్టులో దొరికే నలుపలకల థిన్నర్ డబ్బా చాలు, వెడల్పు పదిన్నర సెంటీమీటర్లు దాటితే అల లోపలికి దూరుతుంది. డబ్బా 16 సెంటీమీటర్ల వెడల్పుంటే వెనక గోడకి 7 సెంటీమీటర్ల ముందు కన్నం పెట్టి, 5.2 సెంటీమీటర్ల రాగితీగ నిలబెట్టాలి. ముందు అల్యూమినియం రేకులతో బూరా కట్టాలి. అల్యూమినియానికి మామూలు సోల్డరు అంటదు, రివెట్లు కొట్టి సందుల మీద ఫాయిల్ టేపు అతికించాలి. యాంప్లిఫయరు తీగ పక్కనే ఉండాలి, మీటరు కేబులు వేసి దూరంగా పెడితే సిగ్నలు దారిలోనే కొంత పోతుంది. సెల్ టవరు దగ్గరైతే ముందు ఒక ఫిల్టరు. ధనుస్సు వైపు తిప్పితే అక్కడి వాయువు చాలామటుకు మనకి అడ్డంగా కదులుతుంది కాబట్టి ల్యాప్‌టాప్ మీద హైడ్రోజన్ గీత తన స్థానం దగ్గరే గుంపుగా లేస్తుంది. పక్కకి తిప్పినకొద్దీ అటో ఇటో జరుగుతుంది, అదే పాలపుంత తిరుగుడు. బూరా చూపు ఇరవై డిగ్రీల మందం, నీ వెనకున్న బ్లాక్ హోలు అందులో విడిగా తేలదు, అది తెలుసు. తేలకపోయినా నీ అడ్డు మాత్రం ఉండదు.

దీనికి రాత్రి అక్కర్లేదు, అమావాస్య అక్కర్లేదు, మబ్బు తెరిపి కూడా అక్కర్లేదు. జూన్ మూడోవారం వానలోనే వస్తున్నాం. గొడుగు పట్టాల్సింది ల్యాప్‌టాప్‌కి.

ఇట్లు,
లక్ష కోట్లలో ఒకటి కోసం కూర్చున్నవాళ్ళు,
కళింగపట్నం