మూడు మడతల పాంప్లెట్ గారికి

అయ్యా పాంప్లెట్ గారూ,

నమస్కారం. గుర్తుపట్టారా? ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది బయట నా చేతిలో పడ్డారు. అట్ట మీద పార్కులో నవ్వుతున్న దొరా దొరసానీ, కింద పెద్దక్షరాలతో "మల నియంత్రణ లోపం". మున్సిపాలిటీ వాళ్ల కాగితం కాబోలనుకుని సంచిలో కుక్కేశాను. 'మోషన్ ఆగడం లేదా?' అని రాస్తే మీ సొమ్మేం పోయేదండీ?

రెండో కాన్పులో చిరిగిన కండరం నాకు యాభై ఎనిమిదేళ్లొచ్చాక బాకీ వసూలుకు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ. మా వీధి వాళ్లంతా యాదగిరిగుట్ట, వేములవాడ చుట్టి వస్తుంటే, నేను మాత్రం బాత్రూముకి పదడుగుల దూరంలో సంసారం చేస్తున్నాను.

అందుకే డబ్బులు పోసి వైద్యం చేయించుకోవాలని పట్టుబట్టాను. బయోఫీడ్‌బ్యాక్ అట. లోపల సన్నటి గొట్టం పెడతారు, బిగబడితే తెర మీద గీత లేస్తుంది. "ఇంకా ఆంటీ, ఇంకా!" అని ఆ ఫిజియో అమ్మాయి అరుస్తుంటే మా మనవడి వీడియో గేమ్ ఆడినంత హుషారు వచ్చింది. గీతతో పాటు బిల్లూ లేచింది.

ఇంతలో నర్సు పని చేసే మా అమ్మాయి ఫోన్లో ఒక పరిశోధన చదివి వినిపించింది. 2019లో అచ్చయింది, అమెరికాలో 300 మంది ఆడవాళ్ల మీద చేశారు. ఒక్కొక్కరికి విరేచనాలు తగ్గించే లోపరమైడ్ మాత్రో, మందులేని ఉత్త మాత్రో ఇచ్చారు. దాంతో పాటు బయోఫీడ్‌బ్యాక్ వ్యాయామమో, లేదంటే ఒక పాంప్లెట్టో! 24 వారాల తర్వాత చూస్తే నాలుగు గుంపులూ ఇంచుమించు ఒకేలా కుదుటపడ్డాయి. ఉత్త మాత్ర, పాంప్లెట్ వచ్చినవాళ్లతో సహా. మీరేమో అప్పటికి నా సంచిలో వక్కపొడి మరకతో పడున్నారు.

చీలమండ దగ్గర సూది గుచ్చి నరానికి కరెంటు ఇచ్చే వైద్యానిదీ అదే కథ. బ్రిటన్‌లో 227 మంది మీద చేసి 2015లో చెప్పారు: ఉత్తుత్తి కరెంటు కంటే గట్టిగా చెప్పుకునేంత తేడా లేదని. (లోపరమైడ్‌ను తీసిపారేయడం లేదు. విరేచనం పల్చగా ఉన్నరోజు నాకదే దిక్కు. డాక్టరు చెప్పిన మోతాదు దాటితే మాత్రం మూడు రోజులు తలుపు మూసుకుపోతుంది.)

ఎట్టకేలకు మిమ్మల్ని విప్పి చదివాను. కాఫీ తగ్గించమన్నారు. ఏ పూట ఏం తిన్నానో, ఎప్పుడు జారిందో డైరీ రాయమన్నారు. కిరాణా కొట్లో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లలో కలుపుకుని తాగమన్నారు. గ్యాస్ ఆపుకున్నట్టు రోజుకి ఇన్నిసార్లు బిగబట్టమన్నారు. అన్నిటికంటే నాకు పనికొచ్చింది నాలుగో పేజీ అడుగున చీమ అక్షరాల్లో ఉంది: అర్జెంటు అనిపించగానే పరుగెత్తకండి, నిలబడి బిగబట్టి, ఉధృతి తగ్గాక నడవండి. ముప్పయ్యేళ్లు బడిలో పిల్లలకి "పరిగెత్తొద్దురా" అని అరిచినదాన్ని, ఈ వయసులో నేనే పరుగెత్తి పట్టుబడ్డాను.

ఫ్రీగా చేతిలో పెట్టారు కాబట్టి మీకు మర్యాద లేకుండా పోయింది. అదే అయిదు వేలు పోసి కొనుంటే ప్లాస్టిక్ కవరు వేయించి దేవుడి గూట్లో పెట్టేదాన్ని.

రేపు ఆరున్నర బస్సుకి వేములవాడ వెళ్తున్నా. సంచిలో మీరూ, ఇంకో చీరా. పొద్దున కాఫీ లేదు.

ఇట్లు,
మీ ఆలస్యపు పాఠకురాలు