బొజ్జ ఉన్నా సరే, బంతి అతనికే ఇవ్వండి

జాన్ రాబర్ట్‌సన్ ఇవాళ పదిహేడేళ్ల కుర్రాడైతే, ఏ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ అకాడమీకి వెళ్లినా మొదటి వారంలోనే ఇంటికి పంపించేసేవాళ్లు. అతన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆ అకాడమీలని అనడానికే అంటున్నా.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ ఫుట్‌బాల్ చూసేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1977లో రెండో డివిజన్‌లో మూడో స్థానంతో బతికి బయటపడి పైకొచ్చిన జట్టు, మరుసటి ఏడాదే ఇంగ్లాండ్ లీగ్ గెలిచింది, 1979లో, 1980లో యూరప్ క్లబ్‌లన్నిట్లో పెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్ గెలిచింది. లీగ్ ఒకటి, యూరోపియన్ కప్‌లు రెండు. ఇలాంటి లెక్క ఉన్న క్లబ్ ఇంకోటి లేదు. ఈ కథ ఎవరు చెప్పినా మేనేజర్ బ్రయాన్ క్లఫ్ నోటితో మొదలుపెడతారు, తర్వాత మిలియన్ పౌండ్లు పోసి కొన్న ట్రెవర్ ఫ్రాన్సిస్, గోల్‌లో పీటర్ షిల్టన్ వస్తారు. ఎడమ వింగ్‌లో ఆడిన బొద్దు స్కాట్లాండ్ మనిషి రాబర్ట్‌సన్ వంతు ఎప్పుడో చివర్న వస్తుంది. నన్నడిగితే ఆ వరుస తలకిందులుగా ఉండాలి.

గ్లాస్గో పక్కన, లనార్క్‌షైర్‌లోని ఉడింగ్‌స్టన్ అతని ఊరు. 1953లో పుట్టాడు, 1970లో ఫారెస్ట్‌లో చేరాడు. 1975 జనవరిలో క్లఫ్ వచ్చేసరికి అతనో అంతంతమాత్రం మిడ్‌ఫీల్డర్, అమ్మేద్దామని క్లబ్ అనుకుంటున్న సరుకు. సిగరెట్లు, వేపుళ్లు, నలిగిన బట్టలు, పరిగెత్తాలంటే బద్ధకం. మాసిన గుడ్డల మనిషి, ఫిట్‌నెస్ లేదు, ఆసక్తి లేదు, టైమ్ వేస్ట్ అని తర్వాత క్లఫ్ ఓపెన్‌గానే చెప్పుకున్నాడు. తన మొహం బాగోలేదనిపించిన రోజు వెళ్లి అతని పక్కన కూర్చుంటే చాలు, తాను సినిమా హీరోలా కనిపిస్తానని కూడా ఎగతాళి చేశాడు. కానీ అదే నోటితో, బంతీ గజం గడ్డీ ఇస్తే వాడు కళాకారుడు అన్నాడు. 1976లో క్లఫ్‌కి అసిస్టెంట్‌గా పీటర్ టేలర్ వచ్చి గట్టిగా గడ్డి పెట్టాక మనిషి దారిలో పడ్డాడు. దారిలో పడ్డాడంటే సన్నబడ్డాడని కాదు. సిగరెట్ మానలేదు, వేగం పెరగలేదు. మారింది ఆడే చోటు. మిడ్‌ఫీల్డ్ నుంచి తీసుకెళ్లి ఎడమ గీత పక్కన నిలబెట్టారు.

అక్కడ అతను చేసిందేంటో చూడండి, ఎందుకంటే నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. వింగర్ అంటే మనకి గుర్తొచ్చేది బంతిని ముందుకు తోసి దాని వెంట దూసుకెళ్లేవాడు. రాబర్ట్‌సన్ బస్సు కోసం నిలబడ్డవాడిలా ఉండేవాడు. బంతి కాళ్ల దగ్గరికి వచ్చేది, ఆగేది. ఎదురుగా ఆ పక్క కాపలా కాసే డిఫెండర్, అంటే ఫుల్ బ్యాక్ కూడా ఆగాల్సిందే, ఎందుకంటే ముందు కదిలినవాడే ఓడిపోతాడు. రాబర్ట్‌సన్ భుజం ఒకవైపు వంచేవాడు, డిఫెండర్ బరువు అటు పడేది, ఆ క్షణంలో ఇటు అర గజం దొరికేది. అంతే, గోల్ ముందుకి బంతి, అంటే క్రాస్ వెళ్లిపోయేది. ఆ ఫుల్ బ్యాక్‌ని పూర్తిగా దాటాల్సిన పనే లేదు. పైగా అతను సహజంగా కుడికాలి ఆటగాడు, ఎడమ కాలు కూడా అంతే చక్కగా పనిచేసేది. మామూలు వింగర్‌ని అతనికి చేతకాని కాలి వైపు నెట్టేస్తే సగం పని అయిపోయినట్టే, ఇతన్ని ఎటు నెట్టినా మంచి కాలి వైపు నెట్టినట్టే. రెండు కాళ్లూ బాగున్న ర్యాన్ గిగ్స్ అని ఫారెస్ట్ కెప్టెన్ జాన్ మెక్‌గవర్న్ ఊరికే అనలేదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఫారెస్ట్ వెనక్కి తగ్గి కాచుకుని, బంతి చిక్కగానే ఎదురుదాడికి దిగే జట్టు. అలాంటి జట్టుకి కావాల్సింది పరుగు ఒక్కటే కాదు, బంతిని ఎవరి దగ్గరికి పంపితే అక్కడ నిలబడుతుందో అలాంటి మనిషి కావాలి. డిఫెన్స్ ఊపిరి తీసుకోవాలన్నా, స్ట్రైకర్లు పైకి చేరుకోవాలన్నా రాబర్ట్‌సన్ దగ్గర బంతి ఉన్న ఆ నాలుగైదు సెకన్లే ఆధారం. అందుకే దారి తోచకపోతే బంతి అతనికి ఇచ్చేయడమే ఆ జట్టు పద్ధతి. నన్నడిగితే అదే దాని వ్యూహం కూడా.

ఫలితాలు చూడండి. 1978 లీగ్ కప్ ఫైనల్ రీప్లేలో లివర్‌పూల్ మీద ఏకైక గోల్ అతని పెనాల్టీ. 1979 మ్యూనిక్‌లో మాల్మోతో యూరోపియన్ కప్ ఫైనల్, హాఫ్ టైమ్ ముందు ఎడమ పక్క ఇద్దర్ని తప్పించుకుని అవతలి పోస్ట్ దగ్గరికి క్రాస్ వేశాడు, ఫ్రాన్సిస్ తల పెట్టాడు, 1-0. మర్నాడు పేపర్ల నిండా మిలియన్ పౌండ్ల మనిషే. క్రాస్ వేసినవాడి కోసం క్లబ్ ఏ ట్రాన్స్‌ఫర్ రికార్డూ బద్దలు కొట్టలేదు, కుర్రాడిగా వచ్చి చేరినవాడే కదా. 1980 మాడ్రిడ్‌లో ఫ్రాన్సిస్ గాయంతో లేడు, ఎదురుగా కెవిన్ కీగన్ ఉన్న హాంబర్గ్. ఇరవై నిమిషాల దగ్గర రాబర్ట్‌సన్ గ్యారీ బర్ట్‌ల్స్‌తో బంతి ఇచ్చిపుచ్చుకుని లోపలికి వచ్చి కుడికాలితో కొట్టాడు, పోస్ట్‌కి తగిలి లోపలికి వెళ్లింది, మళ్లీ 1-0. రెండు ఫైనల్స్, రెండు గోల్స్, ఒకటి అతను చేయించింది, ఒకటి అతను చేసింది. అయినా 1978లో ఇంగ్లాండ్‌లోని రెండు పెద్ద వ్యక్తిగత అవార్డులూ అదే జట్టులోని షిల్టన్‌కీ, కెన్నీ బర్న్స్‌కీ వెళ్లాయి. రాబర్ట్‌సన్‌కి ఆ రెండూ ఎప్పుడూ రాలేదు.

స్కాట్లాండ్‌కి 28 మ్యాచ్‌లు ఆడి 8 గోల్స్ కొట్టాడు. 1981లో వెంబ్లీలో ఇంగ్లాండ్‌ని ఓడించిన పెనాల్టీ ఒక్కటి చాలు ఆ దేశంలో జీవితాంతం చెప్పుకోవడానికి. 1983లో రాబర్ట్‌సన్ టేలర్ మేనేజర్‌గా ఉన్న డెర్బీ క్లబ్‌కి వెళ్లడం, టేలర్ తనతో మాటైనా చెప్పకుండా అతన్ని తీసుకెళ్లాడని క్లఫ్ పగపట్టడం, 1990లో టేలర్ పోయేదాకా క్లఫ్‌కీ అతనికీ మధ్య మాటల్లేకపోవడం, అదంతా వేరే కథ. డెర్బీలో గాయాలు తప్ప మిగిలిందేమీ లేదు. ఆ తర్వాత మేనేజర్ అయిన పాత సహచరుడు మార్టిన్ ఓనీల్ పక్కన అసిస్టెంట్‌గా లెస్టర్, సెల్టిక్, ఆస్టన్ విల్లా క్లబ్‌లు. ఆట చదవగలిగిన బుర్ర కాబట్టే ఆ ఉద్యోగం అన్నేళ్లు నిలిచింది.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట. అప్పటి ఫుట్‌బాల్ నెమ్మది, ఇప్పుడు బంతి తగిలేలోపే ముగ్గురు మీద పడతారు, వింగర్ కూడా వెనక్కి పరిగెత్తి డిఫెన్స్ చేయాలి, అలా చేయని మనిషిని ఏ కోచ్ మోస్తాడు అంటారు. కొంతవరకు ఒప్పుకుంటా. కానీ ఆ రోజుల్లో బురద నేలలు, వెనకనుంచి కాళ్లు విరగ్గొట్టే టాకిల్స్, చూసీ చూడనట్టు వదిలేసే రిఫరీలు. ఆ పరిస్థితుల్లో గీత పక్కన నిలబడి బంతి కాపాడుకోవడం తేలికని ఎవరైనా అంటే నేను నమ్మను.

అసలు దెబ్బ ఈ లెక్కతో తగులుతుంది. 1976 డిసెంబర్ నుంచి 1980 డిసెంబర్ దాకా రాబర్ట్‌సన్ ఫారెస్ట్‌కి వరుసగా 243 మ్యాచ్‌లు ఆడాడు. ఒక్కటీ వదల్లేదు. ఫిట్‌నెస్ లేనివాడని పేరు పడ్డ మనిషి, సిగరెట్ మనిషి, బొజ్జ మనిషి, నాలుగేళ్లు ఒక్క మ్యాచ్ కూడా బయట కూర్చోలేదు! మరి ఫిట్‌నెస్ అంటే ఏంటి? మ్యాచ్‌కి సిద్ధంగా ఉండటమా, అద్దంలో బాగా కనిపించడమా?

నాకు మంట ఇక్కడే. ఇది స్కాట్లాండ్‌కో ఫుట్‌బాల్‌కో పరిమితమైన జబ్బు కాదు. కొలవడానికి తేలికైనదాన్ని కొలిచి, అదే ఆట అని మనల్ని నమ్మిస్తున్నారు. వీవీఎస్ లక్ష్మణ్‌కి వికెట్ల మధ్య పరుగు తక్కువ, ఫీల్డ్‌లో చురుకు తక్కువ అనే మాట కెరీర్ పొడుగునా వెంటాడింది. 2003 ప్రపంచకప్ జట్టులో చోటివ్వలేదు, చివరికి ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. అదే మనిషి టెస్టుల్లో 135 క్యాచ్‌లు పట్టాడు, ఎక్కువ భాగం స్లిప్‌లో నిలబడి. అంబటి రాయుడు సంగతి ఇంకా స్పష్టం. 2018 ఐపీఎల్‌లో చెన్నైకి 602 పరుగులు కొట్టి, వన్డే జట్టులోకి వచ్చి, ఇంగ్లాండ్ విమానం ఎక్కకముందే యోయో టెస్ట్‌లో ఆగిపోయాడు. ఇరవై మీటర్ల దూరం బీప్ శబ్దానికి అటూ ఇటూ పరిగెత్తే పరీక్ష అది. బంతి ఉండదు, బ్యాట్ ఉండదు, బౌలర్ ఉండడు.

తర్వాత మళ్లీ ఆ పరీక్షకి వెళ్లి పాసయ్యాడు, అదే ఏడాది అక్టోబర్‌లో బ్రబోర్న్‌లో వెస్టిండీస్ మీద 81 బంతుల్లో వంద కొట్టాడు. కొన్ని నెలల్లో అతని ఒంట్లో ఏదో మారింది, అందుకే వంద వచ్చింది అని ఎవరైనా నిరూపిస్తే నోరు మూసుకుంటా. నిరూపించలేకపోతే, కెరీర్ మొత్తంలో 55 వన్డేల్లో 47 సగటు తెచ్చుకున్న బ్యాట్స్‌మన్‌ని ఆ ఇంగ్లాండ్ సిరీస్‌కి ఇంట్లో కూర్చోబెట్టి మనం సాధించిందేంటో సెలక్టర్లు ఇప్పటికైనా చెప్పాలి.