గడ్డి మందుకు విరుగుడు కరెంటే

గడ్డిని చంపే విషాన్ని మనం ‘గడ్డి మందు’ అంటాం. జ్వరం తగ్గించేదీ మందే. సగం మోసం ఈ పేరులోనే ఉంది.

గ్లైఫోసేట్ అనే గడ్డి మందు గొడవ అందరికీ తెలిసిందే. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని 2022లో కేంద్రం చెప్పింది. పత్తి చేలలో కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు. ఆ చర్చ మళ్లీ ఎత్తుకోను.

కరెంటుతో కలుపును చంపే యంత్రం సంగతి చూద్దాం. ట్రాక్టర్ వెనక ఇంజిన్ బలంతో తిరిగే పీటీవో షాఫ్టు జనరేటర్‌ను తిప్పుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ కరెంటును వేల వోల్టులకు పెంచుతుంది. లోహపు కడ్డీ కలుపు మొక్కకు తగలగానే కరెంటు కాండం గుండా వేరులోకి, మట్టిలోకి దిగి, నేలను తాకే చక్రం మీదుగా మళ్లీ యంత్రానికి చేరుతుంది. ఆ దారిలో వేడికి మొక్క కణాలు పగిలిపోతాయి. ఆకు తర్వాత వాడుతుంది, ముందు దెబ్బతినేది నీళ్లు తోడే నాళాలు.

ఇదేం నిన్నటి ఊహ కాదు. ఇలాంటి యంత్రానికి అమెరికాలో 1890ల్లోనే పేటెంట్ ఉంది. చవగ్గా రసాయనాలొచ్చాక అటకెక్కించారు. ఇప్పుడు చాలా మందులకు లొంగని కలుపు అక్కడి సోయా చేలను ముంచెత్తింది. అదీ మన తోటకూర కుటుంబమే! దాంతో మిస్సోరీ రాష్ట్రం వైపు పంటకంటే ఎత్తు పెరిగిన మొక్కలను కరెంటు కడ్డీతో మాడుస్తున్నారు. బ్రిటన్‌లో రూట్‌వేవ్ అనే కంపెనీ పండ్లతోటల కోసమే యంత్రం చేసింది.

నెమ్మది, ఖరీదు, తడి నేలలో సరిగా పనిచేయదు, తుంగ మళ్లీ మొలుస్తుంది, ఎండుగడ్డికి నిప్పంటుకోవచ్చు. అన్నీ నిజమే. అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు మనుషులు పోయిన ఊళ్లలో కరెంటంటే టెన్షన్ ఉండదా? కానీ ట్రాక్టర్ ఆగితే ఈ కరెంటూ ఆగుతుంది. వరి మడికి వద్దు, బత్తాయి, మామిడి తోటల సాళ్లలో మొదలుపెట్టొచ్చు. వరికోత మిషన్‌లాగే గంటకింత అని మాట్లాడుకోవచ్చు.

నన్ను ఈ యంత్రం వైపు లాగింది మాత్రం కలుపు కాదు, సీసా. మందు కొట్టాక సగం సీసా ఇంటికొస్తుంది. పశువుల కొట్టంలో, గోనెసంచి వెనక, పిల్లలకు అందదులే అనుకున్న చోట ఉంటుంది. అప్పులవాడు వాకిట్లో అరిచి వెళ్లిన రాత్రి కూడా అక్కడే ఉంటుంది. పారాక్వాట్ అనే గడ్డి మందు తాగితే విరుగుడు లేదు. తెల్లారేసరికి మనసు మారినా డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. శ్రీలంక 2008-2011 మధ్య పారాక్వాట్‌తో సహా మూడు మందులను దశలవారీగా తీసేసింది. ఆత్మహత్యలు తగ్గాయి, పంటలు కుప్పకూలలేదు. (అక్కడి 2021 నాటి రసాయన ఎరువుల నిషేధం వేరే కథ, దాన్ని దీనితో కలపొద్దు.)

మన సర్కారు మాత్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు డ్రోన్ ఖరీదులో 80 శాతం దాకా ఇస్తోంది, మందు ఇంకా వేగంగా చల్లడానికి. అందులో పదోవంతు డబ్బుతో నాలుగు బత్తాయి తోటల్లో కరెంటు యంత్రాన్ని రెండేళ్లు నడిపి లెక్కలు బయటపెట్టమనండి. సాయంత్రం పని ముగిశాక రైతు ఇంటికి తెచ్చుకునేది ట్రాక్టర్ తాళంచెవి ఒక్కటే.