ఆ ఎనిమిది అడుగుల పట్

అమెరికన్ గోల్ఫర్ టామ్ వాట్సన్ పుట్టినరోజుకి అభిమానులు పంపిన జ్ఞాపకాలన్నీ చదివాను. అందరూ ఆయన గెలిచిన ఐదు బ్రిటిష్ ఓపెన్‌ల గురించే రాశారు. నాకు మాత్రం ఓడిపోయినదే గుర్తు.

మా నాన్న ఇక్కడ విశాఖ ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో క్యాడీగా, అంటే ఆటగాళ్ల బ్యాగులు మోస్తూ పనిచేసేవారు. (డబ్బున్నోళ్ల ఆట అంటారు గానీ, బ్యాగులు మోసినవాళ్లకి తెలిసినంత ఆట ఎవరికీ తెలీదు.) 2009 జూలై, ఆదివారం రాత్రి, స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీ నుంచి బ్రిటిష్ ఓపెన్ లైవ్. వాట్సన్‌కి 59 ఏళ్లు, తుంటి మార్పిడి ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. చివరి హోల్‌కి ఒక్క షాట్ ఆధిక్యం. రెండో షాట్ చూడ్డానికి చక్కగానే పడింది, కానీ ఆగకుండా గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దాటి అవతలకి దొర్లిపోయింది. ఆఖరికి ఎనిమిది అడుగుల పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్) మిగిలింది, అది పడితే గెలుపే. నాన్న కంచంలో చెయ్యి ఎండిపోయింది. "కాస్త గట్టిగా కొట్టండి బాబూ" అని టీవీకే చెబుతున్నారు. బంతి లోపలికి వెళ్లలేదు. స్కోర్లు సమమయ్యాయి, విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో స్టువర్ట్ సింక్ గెలిచేశాడు. నాన్న అదేం చూడలేదు, లేచి చెయ్యి కడుక్కున్నారు.

నాన్న ఇప్పుడు లేరు. సెప్టెంబర్ 4న నాన్న తరఫున కూడా హ్యాపీ బర్త్‌డే, వాట్సన్ గారూ.